తెల్లనీళ్ళ మంట

నేను ఒక పీపాను. ఇనప పీపా అంటారు గానీ నిజానికి స్టీలు. మనిషి నడుము ఎత్తుంటాను. నెత్తిన బరువైన మూత, దాని చుట్టూ చెవులున్న మరలు, పక్కన గడియారంలో ఉండేలాంటి ముల్లొకటి, దాని కింద ఆవిరి వదిలే చిన్న ముక్కు. మాట్లాడే అలవాటు పెద్దగా లేదు. లోపల బిగిస్తే బుస్సుమంటాను. ఇన్నేళ్ళూ అదే నా మాట. ఇప్పుడు నాలుగు ముక్కలు చెప్పాలనిపించి చెబుతున్నాను. విసుగొస్తే లేచి వెళ్ళండి, నేనేం అనుకోను.

పుట్టింది మద్రాసు అవతల ఒక రేకుల షెడ్డులో. నన్ను అతికినాయన పేరు తెలీదు. అతుకు పెట్టాక లోపల నీళ్ళు నింపి, పక్కన కూచుని నా ఒంటికి చెవి ఆనించి విన్నాడు. కారుతున్న చప్పుడు లేదు. తల ఊపి బీడీ ముట్టించుకున్నాడు. అది నాకు జరిగిన మొదటి పరీక్ష. ఆ తరవాత చాలామంది నన్ను కొలిచారు, తూచారు, తన్ని చూశారు. చెవి పెట్టి విన్నవాళ్ళు తక్కువ.

అక్కణ్ణించి లారీ మీద కాకినాడ వచ్చాను. ఒక డాక్టరుగారి ఆసుపత్రికి. ఆపరేషను కత్తులు, కత్తెరలు, గుడ్డలు నాలో పెట్టి, మూత బిగించి, కింద మంట పెట్టేవారు. ఆవిరి బయటికి పోయే దారి లేక లోపల వేడి నీళ్ళ మరుగుకన్నా పైకి పోయేది. కంటికి కనపడని క్రిములన్నీ చచ్చేవి. డాక్టరుగారు నన్ను ఇంగ్లీషు పేరుతో పిలిచేవారు. ఆయాలు ఉడకేసే పీపా అనేవారు. నాకు రెండోదే నచ్చింది. చేసే పని పేరులో ఉంది.

నా పని చంపడం. అందులో మొహమాటం లేదు. నేను బాగా చంపితే మంచం మీద మనిషి బతికేవాడు.

నన్ను చూసుకున్న ఆయా సువార్తమ్మ. సన్నటి మనిషి, చేతులు మాత్రం గట్టివి. ముల్లు సున్నాకి వచ్చినా ఆవిడ నమ్మేది కాదు. లోపల ఆవిరి మిగిలుంటే మూత మొహం మీదికి లేస్తుంది. అందుకని వేలి కణుపుతో మూత మీద మూడుసార్లు కొట్టేది. మోతని బట్టి తెలుసుకునేది. కొడుతూ, "లోపలెవరన్నా ఉన్నారా?" అనేది నవ్వుతూ. ఎవరూ ఉండేవారు కాదు. ఎవరూ ఉండకూడదనే కదా నన్ను పెట్టుకుంది. వానాకాలం బడి వదిలాక ఆవిడ కూతురు వచ్చి, వెచ్చగా ఉంటుందని నా పక్కన గోడకి ఆనుకుని ఎక్కాలు చదువుకునేది. ఎక్కాలు నాకూ కొన్ని వచ్చాయి. దేనికీ పనికిరాలేదు.

కొన్నేళ్ళకి మీటలు నొక్కే కొత్త యంత్రం వచ్చింది. నన్ను వెనక వరండాలో పెట్టారు. అక్కణ్ణించి పక్క సందులో ఇడ్లీ హోటలాయన పట్టుకుపోయాడు. ఒకసారికి రెండొందల ఇడ్లీ దిగేది నాలో. ఒకాయనకి సంగతి తెలిసి, "ఆపరేషను కత్తులు ఉడికిన పీపాలో ఇడ్లీలేంటయ్యా?" అని ప్లేటు తోసేశాడు.

"అంతకన్నా శుభ్రమైన పీపా కాకినాడ మొత్తం మీద ఎక్కడుందో చూపించండి," అన్నాడు హోటలాయన.

తోసేసినాయన ప్లేటు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

పిండి పులవటం నేను ఆ హోటల్లోనే చూశాను. సాయంత్రం గిన్నెలో సగానికి ఉన్న పిండి తెల్లారేసరికి అంచు దాటి నేల మీదికి దిగేది. దాన్ని లేపేదీ క్రిములే అని ఆసుపత్రిలో ఉండొచ్చిన నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నేను చంపినవాళ్ళ చుట్టాలు ఇక్కడ ఇంతమందికి టిఫిను పెడుతున్నారు. ఆలోచించాల్సిన విషయమే. కానీ ఆలోచించే లోపల హోటలు చేతులు మారింది. కొత్తాయన అట్లు తప్ప ఇంకేం వెయ్యనన్నాడు. నేను పాత ఇనప సామాన్ల కొట్టుకి పోయాను.

కొట్టు సామర్లకోట రోడ్డు మీద. నా పక్కన విరిగిన కుర్చీలు, చక్రం లేని రిక్షా, ఒక మొండి ఫ్యాను. మూత సగం తెరిచి పడేశారు. వానకి నీళ్ళు నిండాయి. ఒక కప్ప వచ్చి కాపురం పెట్టింది. నాలో ఒక ప్రాణి బతకటం అదే మొదలు. చెప్పుకోవటానికి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది గానీ, నాకు బాగానే అనిపించింది.

అలా ఉండగా ఒక పొద్దున ఇద్దరు వచ్చారు. ఒకాయన లావుగా, తెల్ల లుంగీలో, మెడలో తువాలుతో. పేరు గన్నిశెట్టి బుల్లియ్య. పెద్దాపురం వైపు ఒక పల్లెలో సగ్గుబియ్యం మిల్లు ఆయనది. రెండోది కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి. హెప్సీబా. బుల్లియ్య నీలం ప్లాస్టిక్ డ్రమ్ముల వైపు నడిచాడు, చవగ్గా వస్తాయని. ఆ అమ్మాయి నా దగ్గర ఆగింది. మూత సరిగ్గా మూసింది. వేలి కణుపుతో దాని మీద మూడుసార్లు కొట్టింది.

"లోపలెవరన్నా ఉన్నారా?" అంది, తనలో తను.

మూత ఎత్తేసరికి కప్ప గెంతి, ఏంటా అని వచ్చిన బుల్లియ్య పాదం మీద పడింది.

"ఓర్నాయనో!" అని ఆయన తువాలు వదిలేశాడు.

నేను గుర్తుపట్టాను. ఆ పిల్ల గుర్తుపట్టలేదు. "మా అమ్మ పనిచేసిన ఆసుపత్రిలో అచ్చం ఇలాంటిదే ఉండేదండి," అంది కొట్టువాడితో. అచ్చం ఇలాంటిది కాదమ్మా, ఇదే, అందామనుకున్నాను. బుస్సుమనటానికి లోపల మంట లేదు.

"దీన్లో ఏం చేద్దామనమ్మా? బాంబులా?" అన్నాడు బుల్లియ్య.

"మీ తెల్లనీళ్ళు పోద్దాం బాబాయి గారూ. ఇంకేం లేదు."

ఆ తెల్లనీళ్ళ కథ మిల్లుకి వెళ్ళాక తెలిసింది. కర్రపెండలం దుంపలు తెచ్చి, తొక్క తీసి, కడిగి, మరలో వేసి పిప్పి చేస్తారు. పాలు పిండుతారు. పాలు తొట్లలో పోస్తే పిండి అడుక్కి దిగుతుంది. ఆ పిండిని గుడ్డలో ఊపి పూసలు చేసి, పెనం మీద వేయించి, గచ్చు మీద ఆరబోస్తారు. అదీ మీరు పాయసంలో వేసుకునే సగ్గుబియ్యం. పిండి దిగాక పైన మిగిలిన నీళ్ళు తెల్లగా ఉంటాయి. ఇంకా పిండి ఉంటుంది వాటిలో. అవి మిల్లు వెనక కాలవలోకి పోతాయి. పోయి, ఎండకి పులిసి, ఊరంతా కంపు. ముక్కున్న ఏ మనిషీ ఆ గట్టు మీద నిలబడలేడు. గేదెలు ఆ నీళ్ళు ముట్టవు.

ఊళ్ళోవాళ్ళు అర్జీ పెట్టారు. కాలుష్యం చూసే ఆఫీసరుగారు వచ్చి చూసి, ఈ సీజను లోపల ఏదో ఒక దారి చూపించకపోతే మిల్లు మూయించేస్తానని చెప్పి వెళ్ళాడు. తప్పని అనలేం. ఆయనకీ ముక్కుంది.

మూస్తే బుల్లియ్య ఇంకో వ్యాపారం చూసుకుంటాడు. లోవమ్మకి అలా కాదు. లోవమ్మ పెనం దగ్గర మనిషి. మొగుడు చనిపోయిన ఏడు పెనం దగ్గర కూచుంది, ఇంకా లేవలేదు. కట్టెల పొయ్యి, పొగ, చేతిలో గరిటె. పెద్దపిల్ల అక్కడే పెరిగి పెళ్ళి చేసుకుని వెళ్ళింది. చిన్నది కాకినాడలో నర్సు ట్రైనింగులో ఉంది, ఇంకా ఏడాది మిగిలుంది. మిల్లు ఆగితే ఆ చదువూ ఆగుతుంది. అర్జీలో మొదటి వేలిముద్ర లోవమ్మ మరిది తాతబ్బాయిది. ఆయన రెండెకరాలు ఆ కాలవ పక్కనే. ఆయన గేదెలే ఆ నీళ్ళు ముట్టనివి.

"వదినా, నీ మీద కోపం కాదు. నీ మిల్లు కంపు మీద," అనేవాడు గట్టు మీద నిలబడి.

"నా మిల్లు ఎప్పుడైంది మరిదీ? నా పేరున రాసిచ్చారా?"

"మరి బుల్లియ్య కన్నా నువ్వే ఎక్కువ ఏడుస్తున్నావు."

"ఆయనకి ఏడవటానికి మేడుంది. నాకు పెనమే ఉంది."

హెప్సీబా చెప్పిన సంగతి ఇది. ఆ తెల్లనీళ్ళు కాలవలో పులిసే బదులు మూత పెట్టిన పీపాలో పులిస్తే, క్రిములు ఆ పిండి తిని ఒక గాలి వదుల్తాయి. హైడ్రోజను. దాన్ని గొట్టంతో పట్టుకుని పెనం కింద మండించొచ్చు. కట్టెలు తగ్గుతాయి, పొగ ఉండదు. పిండి చాలావరకు ఇక్కడే అరిగిపోతుంది కాబట్టి, మిగిలిన నీళ్ళని మూసిన గోతిలో ఇంకోసారి మురగబెట్టి వదిలితే కంపు తగ్గుతుంది.

"మండితే బూడిద ఏం మిగుల్తుందమ్మా?" అన్నాడు బుల్లియ్య.

"బూడిద ఉండదండి. నీళ్ళావిరి మిగుల్తుంది."

"నీళ్ళలోంచి తీసి కాలిస్తే మళ్ళీ నీళ్ళా? మరి మధ్యలో మనం చేసిందేంటి?"

"సగ్గుబియ్యం వేయించాం కదండీ."

"ఆయ్, నిజమే," అన్నాడాయన.

నన్ను తోమి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆసుపత్రిలో నాకు ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు. హెప్సీబా కాలవలో దిగి నల్ల బురద ఒక బకెట్టుతో తెచ్చింది. ఇదే విత్తనం అంది. బురదని విత్తనం అన్న మనిషిని నేను అప్పుడే చూడటం.

"బాబాయి గారూ, దీన్లో రెండు రకాల క్రిములున్నాయి. ఒకటి గాలి పుట్టించేది. రెండోది పుట్టిన గాలి పుట్టినట్టే తినేసేది."

"మా ఇంట్లో లాగే అన్నమాట."

"తినేదాన్ని ఉడకబెడితే చస్తుంది. పుట్టించేది గింజలాగా గట్టిపడి పడుకుంటుంది. చల్లారాక లేస్తుంది. అందుకని మూత ఊరికే పైన పెట్టండి, బిగించొద్దు. కాసేపు తెర్లనిచ్చి దించెయ్యండి. నాకు క్లాసుంది, సాయంత్రం వస్తాను."

ఆ గట్టి గింజలు నాకు పాత శత్రువులే. మామూలు మరుగుకి చావవనే ఆసుపత్రిలో నా మూత అంత గట్టిగా బిగించేవారు. ఇప్పుడు వాటిని బతికించమంటున్నారు. సరే అనుకున్నాను.

బుల్లియ్య మంట పెట్టాడు. నా చుట్టూ తిరిగాడు. మరలు ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు.

"ఇన్ని మరలు ఊరికే పెడతాడా చేసినోడు?" అని ఒకటి తిప్పాడు. రెండోది తిప్పాడు.

"బిగించొద్దందండి ఆ అమ్మాయి," అంది లోవమ్మ పెనం దగ్గర్నించి.

"అలాగే అంటార్లే లోవమ్మా. కుక్కరు మూత పెట్టకుండా పప్పు ఉడుకుద్దా?"

అన్నీ బిగించాడు. నేను బుస్సుమన్నాను. వద్దు అని నా ఉద్దేశం. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా? ఈల వేసింది!" అన్నాడు. మూడు ఈలలు రానిచ్చి దించాడు, పప్పుకి లాగానే.

నేను నా చిన్నప్పటి పని చేశాను. లోపల ఒక్క ప్రాణి మిగల్లేదు.

ఆ తరవాత కాచి చల్లార్చిన తెల్లనీళ్ళు పోశారు. గొట్టం పెట్టారు. గొట్టం చివర గాలి నింపుకోవటానికి ఒక ట్రాక్టరు ట్యూబు. రోజూ పొద్దున్నే వచ్చి ట్యూబు నొక్కి చూడటం అందరికీ పనైపోయింది. ట్యూబు పడుకున్న పాములా నేలకి అతుక్కునే ఉంది. తాతబ్బాయి గట్టు మీద నించి, "ఏం బుల్లియ్యగారూ, పీపా నీళ్ళోసుకుందా, ఎన్నో నెల?" అని అరిచేవాడు.

హెప్సీబాకి తిండి సయించలేదు. నీళ్ళలో కాగితం ముంచి రంగు చూసింది. సున్నం నీళ్ళు కలిపింది. వేడి చూసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆఫీసరుగారు వచ్చే రోజు దగ్గరపడుతోంది. చివరికి నా పక్కన కూలబడి, "నాదే తప్పేమో బాబాయి గారూ. పుస్తకంలో పని మిల్లులో అవ్వదేమో," అంది.

బుల్లియ్య తువాలుతో మొహం తుడుచుకున్నాడు. లోవమ్మ వైపు చూశాడు. లోవమ్మ తల తిప్పుకుంది.

"అమ్మా, ఆ మరలు... బిగించానమ్మా."

"ఎన్ని?"

"అన్నీ."

"ఎందుకండీ?"

"ఉన్నాయి కదా అని."

ఆ పిల్ల ఆయన్ని చూసింది, నన్ను చూసింది. నవ్వటం మొదలుపెట్టి ఆపలేకపోయింది. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. "మా అమ్మ ఉంటే మిమ్మల్ని చితక్కొట్టేది," అంది. సువార్తమ్మ పోయిందని నాకు అలా తెలిసింది.

మళ్ళీ బురద తెచ్చారు. ఈసారి లోవమ్మ ముందుగానే మరలన్నీ విప్పి కొంగున మూటగట్టి నడుముకి దోపుకుంది. బుల్లియ్య నా చుట్టూ రెండుసార్లు తిరిగాడు గానీ, తిప్పటానికి ఏం దొరకలేదు. కాసేపు తెర్లాక దించారు. చల్లారాక తెల్లనీళ్ళు పోశారు. గాలి బయటికి పోకుండా అప్పుడు లోవమ్మ మూట విప్పి మరలిచ్చింది.

మొదటి రోజు ఏం లేదు. రెండో రోజు కూడా. మూడో రోజు పొద్దెక్కాక నా అడుగున ఎక్కడో చిన్న గిలి. ఒక బుడగ గోడ వెంబడి పాకి పైకొచ్చి పగిలింది. తరవాత ఇంకోటి. మధ్యాన్నానికి లోపల వాన పడుతున్నట్టుంది. నేను ఎన్ని మరుగులో చూశాను. అవన్నీ కింద మంట పెడితే వచ్చినవి. ఇది మంట లేని పొంగు. వాటంతట అవి బతుకుతూ, తింటూ, ఊపిరి వదుల్తున్నాయి. లోపల ఎవరో ఉన్నారు.

ట్యూబు లేచింది. బుల్లియ్య దాన్ని చంటిపిల్ల పొట్ట నిమిరినట్టు నిమిరాడు.

ఆఫీసరుగారు వచ్చే రోజు ఊరంతా చూడాలని బుల్లియ్య పట్టుబట్టాడు. పొయ్యి షెడ్డులో చీకటిగా ఉంటుంది, ఎవరికీ కనపడదు అన్నాడు. మిట్టమధ్యాన్నం, ఆరబోసే గచ్చు మీద, ఎర్రటి ఎండలో కొత్త పొయ్యి పెట్టించాడు. దాని మీద లోవమ్మ పెనం. నా దగ్గర్నించి గొట్టం. మంట వెనక్కి పాకకుండా మధ్యలో నీళ్ళ సీసా. ఇంకో సీసాలో సున్నపు నీళ్ళు, గాలిలో మండని భాగాన్ని పీల్చేసుకోటానికి. హెప్సీబా అన్నీ రెండుసార్లు చూసుకుంది. ఊళ్ళోవాళ్ళు గొడుగులేసుకుని వచ్చారు. తాతబ్బాయి అందరికన్నా ముందు నిలబడ్డాడు.

ఆఫీసరుగారు కళ్ళజోడు తుడుచుకుని, "కానివ్వండమ్మా," అన్నాడు.

హెప్సీబా అగ్గిపుల్ల గీసి పొయ్యి దగ్గర పెట్టింది. ఠప్ మని చిన్న చప్పుడు. అంతే.

అందరూ వంగి చూశారు. పొయ్యిలో ఏం లేదు. ఎర్ర మంట లేదు, నీలి మంట లేదు, పొగ లేదు.

"వెలగలేదమ్మా," అన్నాడు ఆఫీసరుగారు మెల్లగా.

"వెలిగిందండి. ఈ మంట ఎండలో కనపడదు. పెనం పట్టుకుని చూడండి, వేడెక్కింది."

ఆయన పెనం అంచు వేలితో తాకి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కాలుతోంది. కానీ ఈ ఎండకి నా కారూ కాలుతోందమ్మా."

జనం నవ్వారు. నవ్వు వెనక వరసల్లోకి పాకింది. "ఊళ్ళో అందరి గ్యాసూ మనుషులకి కనపడుద్ది, బుల్లియ్యగారి గ్యాసు దేవుడికి మాత్రమే కనపడుద్దంట!" అన్నాడు తాతబ్బాయి. బుల్లియ్య మొహం పిండికట్టులా అయింది. హెప్సీబా ఏదో చెప్పబోయింది, ఎవరూ వినలేదు. లోవమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ చూపు పొయ్యి మీద లేదు. రోడ్డు మీద కాకినాడ వైపుంది.

ఉన్నచోట నించి నేను చేయగలిగింది గాలి తోయటమే. తోస్తూనే ఉన్నాను.

తరవాత జరిగింది లోవమ్మ చేసిందే. ఎవరూ చెప్పలేదు, చెప్పేంత బుర్ర అక్కడ ఎవరికీ మిగల్లేదు. ఇంతమంది కళ్ళు పడి పొయ్యి ఆరిపోయిందని ఆవిడ అనుకుంది. దిష్టి తగిలిన పొయ్యికి చెయ్యాల్సింది ఒకటే. మధ్యాన్నం మామిడికాయ ముక్కల్లో నంజుకోటానికి తెచ్చుకున్న కల్లుప్పు కొంగున ఉంది. ముడి విప్పి గుప్పెట పట్టింది. పెనం చుట్టూ మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా మరిది దిష్టి," అంది గట్టిగానే.

అదే సమయానికి తాతబ్బాయి గొంతుక్కూచున్నాడు. "దిష్టి కాదు వదినా, దీన్లో మంటే లేదు, ఇదిగో చెయ్యి పెడతాను చూడు," అని చొక్కా చెయ్యి పైకి మడిచి పొయ్యి నోట్లోకి చాచాడు.

"చెయ్యి తియ్యండి!" హెప్సీబా అరిచింది.

లోవమ్మ పొయ్యిలోకి ఉప్పు విసిరింది.

పొయ్యి నిండా పసుపు మంట భగ్గున కనపడింది. బంతిపూల గంప బోర్లించినట్టు, తాతబ్బాయి వేళ్ళకి బెత్తెడు దూరంలో. ఆయన వెనక్కి పడ్డాడు. గొడుగు ఒక పక్కకి, ఆయన ఒక పక్కకి. ఉప్పు చిటపటమంది. మంట కాసేపు పసుపుగా ఊగి, ఉప్పు అయిపోగానే మళ్ళీ కనపడకుండా పోయింది.

తాతబ్బాయి తన చేతి వేళ్ళు ఒక్కొక్కటే చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

"ఇంకొంచెం వెయ్యమ్మా," అన్నాడు ఆఫీసరుగారు.

లోవమ్మ వేసింది. మళ్ళీ పసుపు. హెప్సీబా నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "కాలేజీలో పిల్లలకి నేనే చూపిస్తానండి. మంటలో ఉప్పు పడితే పసుపు రంగొస్తుందని. ఏడాదికోసారి చూపిస్తాను. ఇవాళ గుర్తే రాలేదు."

"రంగు కాదమ్మా. దిష్టి పోయింది," అంది లోవమ్మ.

"అదీ అయ్యుంటుంది పిన్నీ," అంది హెప్సీబా.

ఇద్దరూ ఇప్పటికీ ఎవరి మాట మీద వాళ్ళున్నారు. నన్నడిగితే నేను గాలి వదిలాను, అంతవరకే తెలుసు.

లోవమ్మ ఇంక ఎవరి కోసం ఆగలేదు. కొబ్బరినూనె గుడ్డతో పెనం తుడిచి, పచ్చి పూసలు ఒక చేటెడు పోసి గరిటె ఆడించింది. పొగ లేదు. ఆవిడ దగ్గలేదు. జీవితంలో మొదటిసారి కళ్ళు తుడుచుకోకుండా ఒక వాయి దించింది. పూసలు తెల్లగా మెరిశాయి, ఒక్కదానికీ మసి లేదు. బుల్లియ్య గుప్పెడు తీసి ఆఫీసరుగారి చేతిలో పోశాడు.

ఆయన వాటిని అరచేతిలో దొర్లించి చూశాడు. "ఈ ఒక్క పీపాతో మీ కాలవ బాగుపడదు బుల్లియ్యగారూ," అన్నాడు.

"పడదండి. ఇలాంటిది పెద్దది కడతానండి. సిమెంటుతో."

"అన్ని నీళ్ళూ దాన్లోంచే పోవాలి."

"పోతాయండి."

"ఆర్నెల్లు చూస్తాను. ఆ తరవాత వచ్చి వాసన చూస్తాను."

అంతే అన్నాడు. లోవమ్మ గరిటె కింద పెట్టి, అప్పుడు కూచుంది.

కట్టారు. పెద్ద తొట్టి, పక్కన మూసిన గొయ్యి. కట్టేటప్పుడు ఒకసారి పగిలింది, ఒకసారి పులుపెక్కి ఆగిపోయింది. హెప్సీబా వారానికి రెండుసార్లు వచ్చేది. బుల్లియ్య మర కనపడితే చేతులు వెనక్కి కట్టుకోవటం నేర్చుకున్నాడు. ఇప్పుడు మిల్లులో సగం పెనాలు తెల్లనీళ్ళ మంట మీద ఉన్నాయి. సగం ఇంకా కట్టెలే. పొయ్యి ముట్టించగానే ప్రతి పెనం దగ్గరా మనిషి చిటికెడు ఉప్పు వేస్తుంది. వెలిగిందో లేదో తెలియటానికని హెప్సీబా రూలు పెట్టింది. దిష్టికని వాళ్ళు వేస్తారు. ఎవరూ మానరు.

ఆఫీసరుగారు చెప్పినట్టే వచ్చి, గట్టు మీద నిలబడి, జేబురుమాలు తీయకుండానే వెళ్ళాడు. కానీ ఊరు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఎండాకాలం మధ్యలో ఒకరోజు తాతబ్బాయి తన గేదెని కాలవ దగ్గరికి తోలుకొచ్చాడు. జనం పనులాపి చూశారు. గేదె నీళ్ళ మీద మూతి పెట్టింది. వాసన చూసింది. తల ఎత్తి చాలాసేపు ఎటో చూసింది, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. మళ్ళీ వంగి తాగింది. తాతబ్బాయి వదిన వైపు చూడకుండా, "నిన్నట్నించి దానికి దాహంగా ఉందిలే," అన్నాడు.

"అవును మరిదీ. ఎన్నేళ్ళ నించో ఉంది," అంది లోవమ్మ.

ఇంక నా సంగతి. పెద్ద తొట్టి వచ్చాక నన్ను మళ్ళీ కొట్టుకి పంపిస్తారనుకున్నాను. అలవాటే కదా. పంపలేదు. తొట్టిలో గాలి తినేవాళ్ళు పెరిగిపోయినప్పుడల్లా కొత్త విత్తనం కావాలి. బురదని ఉడకబెట్టి, తినేవాళ్ళని పోగొట్టి, పుట్టించేవాళ్ళని నిద్ర లేపి, కాస్త పెంచి తొట్టిలో పోయాలి. ఆ పని నాది. ఇంట్లో పాలల్లో వెయ్యటానికి కొంచెం పెరుగు దాచుకుంటారు చూడండి, ఆ గిన్నెని నేను. ముందు కొంచెం చంపుతాను, తరవాత చాలా పెంచుతాను. ఇంతకాలం బతికాక రెండు పనులూ ఒకే ఒంటిలో కుదిరాయి.

లోవమ్మ చిన్నకూతురు ట్రైనింగు అయిపోయి కాకినాడలోనే ఆసుపత్రిలో చేరింది. మొన్న సెలవుకొచ్చి నన్ను చూసి నోరు తెరిచింది. "అమ్మా, ఇది ఆపరేషను సామాన్లు ఉడకబెట్టేది! దీన్లో బురద పోశారా? మా పెద్ద సిస్టరు చూస్తే కళ్ళు తిరిగి పడిపోద్ది!"

"పడితే లేపుదువుగాని, నర్సువేగా," అంది లోవమ్మ.

నా ఒంటి మీద సొట్టలున్నాయి. ముల్లు ఎప్పుడో ఆగిపోయింది, అది ఎప్పుడూ సున్నానే చూపిస్తుంది. దాన్ని ఎవరూ బాగుచేయించలేదు, అక్కర్లేకపోయింది. కొత్త విత్తనం పోసిన మూడో రోజు లోవమ్మ పెనం దగ్గర్నించి లేచి వస్తుంది. చేతులు కొంగుకి తుడుచుకుంటుంది. వేలి కణుపుతో మూత మీద మూడుసార్లు కొడుతుంది. హెప్సీబాని చూసి నేర్చుకుంది. హెప్సీబా ఎవర్ని చూసి నేర్చుకుందో ఈ మిల్లులో నాకొక్కడికే తెలుసు.

"లోపలెవరన్నా ఉన్నారా?" అంటుంది.

అని, నా ఒంటికి చెవి ఆనిస్తుంది.

ఉన్నాం.